క్యాన్సర్ కొత్త మందు: మనిషి మీద తొలి దశ పరీక్ష

ప్రయోగశాలలో తయారై, ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షలు దాటిన క్యాన్సర్ మందును మొదటిసారి మనిషికి ఇచ్చి చూడడాన్ని తొలి దశ పరీక్ష అంటారు. ఆసుపత్రుల్లో దీన్ని ఫేజ్ 1 ట్రయల్ అనే పిలుస్తారు. ఇందులో అడిగే అసలు ప్రశ్న 'ఈ మందుతో జబ్బు తగ్గుతుందా?' అన్నది కాదు. 'ఎంత మోతాదు దాకా మనిషి ఒళ్ళు తట్టుకోగలదు?' అన్నది. జబ్బు తగ్గే సంగతి రెండో దశలో, ఇప్పుడున్న మందుకంటే మెరుగా కాదా అన్నది మూడో దశలో తేలుతుంది. పరీక్షలో చేరే రోగి మాత్రం మొదటి ప్రశ్ననే మనసులో పెట్టుకుని వస్తాడు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న ఎడమే తొలి దశ పరీక్ష చరిత్రలోని చాలా వివాదాలకు మూలం.

ఇతర జబ్బుల మందులను మొదట ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల మీద పరీక్షిస్తారు. క్యాన్సర్ మందుల విషయంలో చాలావరకు ఇది కుదరదు. కణవిభజనను అడ్డుకునే మందు ఎముక మజ్జను, పేగు లోపలి పొరను, వెంట్రుకల కుదుళ్ళను కూడా దెబ్బతీస్తుంది. కొన్ని మందులు జన్యువులనే గాయపరుస్తాయి. ఏ జబ్బూ లేనివాడికి అలాంటిది ఇవ్వడం అన్యాయం. అందుకే ఉన్న చికిత్సలన్నీ వాడి, ఇక పనిచేయవని తేలిన రోగులే ఇక్కడ ముందుకు వస్తారు. చాలా పరీక్షల్లో ఇరవై నుంచి ఎనభై మంది దాకా ఉంటారు.

బోస్టన్, 1947

ఈ కథలో తెలుగువాడి పేరు తొలి పుటలోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన అన్నదమ్ముల్లో ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నారు. మద్రాసులో వైద్యం చదివి 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనశాలకు వెళ్ళారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సొంత అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు కూడా ఆ విటమిన్ మందుగా పనికివచ్చింది. ఫోలిక్ ఆమ్లం వెనక ఇంకో భారతీయ సందర్భం ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్న పదార్థం ఫోలిక్ ఆమ్లమేనని తర్వాత తెలిసింది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు మొదట ఫోలిక్ ఆమ్లపు రూపాలనే ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఎముక మజ్జలో క్యాన్సర్ కణాలు జోరందుకున్నట్టు ఆయనకు కనిపించింది. నిజం చెప్పాలంటే అది ప్రమాదమే. కానీ దాన్నుంచే ఆయన ఎదురు ప్రశ్న వేసుకున్నారు: ఫోలిక్ ఆమ్లంతో పెరిగే జబ్బు దాన్ని అడ్డుకుంటే తగ్గుతుందేమో. అడ్డుకునే రసాయనాలను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. వాటిలో మేలైనది అమైనోప్టెరిన్. రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని దాదాపు అచ్చు పోసినట్టు ఉంటుంది. కణం దాన్ని విటమిన్ అనుకుని లోపలికి తీసుకుంటుంది; డీఎన్‌ఏ తయారీ అక్కడ ఆగిపోతుంది. 1947 డిసెంబరు చివర అది ఫార్బర్ చేతికి అందింది.

1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్న పదహారు మంది పిల్లల్లో పది మందికి జబ్బు వెనక్కి తగ్గింది. ఆ వ్యాసం శీర్షికలోని మొదటి మాటే 'తాత్కాలిక' అన్నది. ఉపశమనం నెలల పాటే నిలిచింది, జబ్బు మళ్ళీ వచ్చింది. నోటి పుండ్ల వంటి విషప్రభావాలు కూడా వ్యాసంలో దాచకుండా రాశారు. అప్పటిదాకా వారాల్లో చనిపోతున్న పిల్లల గురించి, పదికి ఆరు మించి ఫలితం చూసిన వైద్యుడు శీర్షికలోనే 'తాత్కాలిక' అని రాయడాన్ని గౌరవించాలి. తొలి దశ ఫలితాన్ని ఎలా చెప్పాలో అది ఈనాటికీ మంచి నమూనా. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయారు. ఆయన బృందం నుంచే వచ్చిన మరో రూపం, మెథోట్రెక్సేట్, 1956లో గర్భకోశానికి సంబంధించిన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ ఆ పని చేశారు.

నేటి అర్థంలో దశలు, ఎథిక్స్ కమిటీలు ఫార్బర్ కాలానికి లేవు. మనిషి ఇష్టపూర్వకంగా ఒప్పుకోనిదే అతని మీద ప్రయోగం చేయరాదన్న న్యూరెంబర్గ్ నియమావళి 1947 ఆగస్టులోనే వెలువడింది. మందు, నియమం ఒకే ఏడాది పుట్టాయి. కలిసి నడవడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

మోతాదు మెట్లు

మనిషికి ఇచ్చే మొట్టమొదటి మోతాదును జంతువుల లెక్క నుంచి తీస్తారు. పాత కీమో మందులకు వాడుకలో ఉన్న సూత్రం ఇది: వంద చిట్టెలుకల్లో పదింటిని చంపే మోతాదు ఎంతో చూసి, శరీర ఉపరితలం లెక్కన అందులో పదో వంతుతో మొదలుపెట్టాలి. కుక్కల వంటి జంతువుల్లో తీవ్ర విషప్రభావం చూపని అత్యధిక మోతాదులో ఆరో వంతు తీసుకోవడం మరో పద్ధతి. క్యాన్సర్ మందులను బరువుకు కాక ఒంటి ఉపరితలానికి, అంటే చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కించే అలవాటు కూడా ఎలుక నుంచి మనిషికి లెక్క మార్చే అవసరంలోంచే వచ్చింది.

ఆ తర్వాత మెట్లు. బాగా ప్రచారంలో ఉన్న పద్ధతిని 'మూడు, మరో మూడు' అనవచ్చు. మొదటి మెట్టు మీద ముగ్గురికి ఒకే మోతాదు ఇస్తారు. మూడు నాలుగు వారాలు కనిపెట్టుకుని ఉంటారు. ముగ్గురిలో ఎవరికీ ఆపాల్సినంత విషప్రభావం రాకపోతే తర్వాతి ముగ్గురికి పై మెట్టు. ఒకరికి వస్తే అదే మోతాదులో మరో ముగ్గురిని చేర్చి చూస్తారు. ఇద్దరికి వస్తే అక్కడితో ఆగి కిందికి దిగుతారు. ఆ కింది మెట్టునే తట్టుకోగల గరిష్ఠ మోతాదు అంటారు. మెట్ల ఎత్తు పోనుపోను తగ్గుతుంది: మొదట రెట్టింపు, ఆపైన మూడింట రెండు వంతులు, సగం, ఇలా. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఎంత పడిపోయాయి, కాలేయం పరీక్షలు ఎలా ఉన్నాయి, విరేచనాలు ఎన్నిసార్లు అయ్యాయి అన్నవాటికి ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడులు ఉంటాయి. ఐదో గ్రేడు అంటే మరణం. మందు ఇచ్చిన రోజు గంటగంటకూ రక్తం తీసి, అది ఒంట్లో ఎంతసేపు ఉంటుందో చూస్తారు.

ఈ పద్ధతిలో ఒక చేదు నిజం ఉంది. మొదటి మెట్టు మీది ముగ్గురికి అందే మోతాదు బహుశా జబ్బును తాకనంత తక్కువ. పై మెట్టు మీదివాళ్ళకు అది విషమయ్యేంత ఎక్కువ. సరైన మోతాదు దొరికేనాటికి దాన్ని దొరికించినవాళ్ళలో చాలామంది ఉండరు. 1991 నుంచి 2002 దాకా అమెరికాలో జరిగిన 460 తొలి దశ పరీక్షలను, 11,935 మంది రోగులను కలిపి లెక్క చూసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. మొత్తం మీద 10.6 శాతం మందిలో కణితి తగ్గింది. ఒంటరిగా ఒక కొత్త కీమో మందును మాత్రమే పరీక్షించిన చోట అది 4.4 శాతమే. మందు వల్ల చనిపోయినవారు 0.49 శాతం. ఈ అంకెలు రోగికి చెప్పదగినవి, చెప్పవలసినవి.

మినహాయింపులు లేకపోలేదు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు ఇమాటినిబ్ తొలి దశ పరీక్ష 1998లో మొదలైంది. 300 మిల్లీగ్రాములు, అంతకుమించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. గరిష్ఠ మోతాదు ఏదో తేలకముందే మందు గొప్పతనం తేలిపోయింది. 2001 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఇలాంటి మందుల వల్ల 'తట్టుకోగలిగినంత ఇవ్వు' అన్న పాత సూత్రమే ప్రశ్నార్థకమైంది. ఒక ప్రత్యేక ప్రోటీన్‌ను మూసేసే మందు తక్కువ మోతాదుకే దాన్ని పూర్తిగా మూసేస్తే, ఇంకా పెంచడం వల్ల రోగికి మిగిలేది బాధే. 2021లో ఎఫ్‌డీఏ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఆప్టిమస్ ఈ విషయమే పట్టుకుంది: గరిష్ఠ మోతాదు కాదు, తగిన మోతాదు వెతకమంది.

2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్ 1412 అనే యాంటీబాడీ పరీక్ష ఇంకో పాఠం నేర్పింది. లుకేమియాకూ, కీళ్ళవాతానికీ ఉద్దేశించిన ఆ మందును ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు నిమిషాల తేడాతో ఒకరి వెంట ఒకరికి ఇచ్చారు. వాళ్ళకు ఇచ్చింది జంతువులకు హాని చేయని మోతాదులో ఐదు వందలో వంతు. అయినా గంటలు తిరగకముందే ఆరుగురి అవయవాలూ దెబ్బతిని, ఇంటెన్సివ్ కేర్‌కు చేరారు. అందరూ బతికారు. అప్పటినుంచి ఇలాంటి మందుల్లో మొదటి వ్యక్తికి ఇచ్చాక కొంతకాలం ఆగి చూసి గానీ రెండోవారికి ఇవ్వకూడదన్న జాగ్రత్త వాడుకలోకి వచ్చింది.

హైదరాబాద్‌లో ఒక క్యాంప్టోథెసిన్

క్యాంప్టోథెసిన్ 1966లో ఒక చైనా చెట్టు నుంచి మన్రో వాల్, మన్సుఖ్ వానీ వెలికితీసిన క్యాన్సర్ నిరోధక పదార్థం. అది నీటిలో కరగదు. కరగడం కోసం సోడియం లవణంగా మార్చి 1970ల మొదట్లో రోగులకు ఇచ్చారు. అలా మార్చడంలో అణువులోని కీలకమైన వలయం తెరుచుకుని మందు బలం పోయింది. మూత్రాశయంలోని ఆమ్లంలో వలయం తిరిగి మూసుకుని అక్కడ పుండ్లు, రక్తస్రావం కలిగించింది. పరీక్షలు ఆగిపోయాయి. తర్వాత రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని మార్చి తెచ్చిన ఇరినోటికాన్, టోపోటికాన్ 1990లలో మందులయ్యాయి. ఈలోగా 1972లో టి.ఆర్. గోవిందాచారి, ఆయన సహచరుడు మన పడమటి కనుమల చెట్టులో కూడా క్యాంప్టోథెసిన్ దండిగా ఉందని చూపారు. దాంతో కర్ణాటక, మహారాష్ట్ర అడవుల్లో ఆ చెట్టు విచ్చలవిడి నరికివేతకు గురైంది.

హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ ఈ కుటుంబంలోనే డీఆర్‌ఎఫ్ 1042 అనే అణువును తయారుచేసింది. సెలైన్‌లో ఎక్కించే అవసరం లేకుండా నోటితో తీసుకునే మందు ఇది. మరే మందుకూ లొంగని క్యాన్సర్ ఉన్న రోగులకు మెట్లు మెట్లుగా మోతాదు పెంచుతూ ఇచ్చిన తొలి దశ పరీక్ష ఫలితాలు 2004లో ప్రచురితమయ్యాయి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వైద్యుడు దిగుమర్తి రఘునాథరావు అందులో భాగస్వామి. మందు బజారుదాకా రాలేదు. తొలి దశలోకి అడుగుపెట్టిన క్యాన్సర్ మందుల్లో అత్యధికం బజారుకు చేరనివే కాబట్టి అది ఓటమి కాదు. తెలుగు నేల మీద పుట్టిన అణువును రోగుల సమ్మతితో, ఇక్కడి వైద్యులే మెట్టు మెట్టుగా పరీక్షించారన్నది చెప్పుకోవలసిన విషయం.

ఈ మధ్యకాలంలో దేశానికి పేరు తెచ్చింది మాత్రం ముంబై. ఐఐటీ బొంబాయిలో రూపొందిన నెక్స్‌కార్ 19 అనే కార్ టి చికిత్సను టాటా మెమోరియల్ సెంటర్‌లో పరీక్షించారు. రోగి రక్తంలోని టి కణాలనే బయటికి తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కించడం దాని పద్ధతి. 2021లో మొదలైన పరీక్షలు 2023 అక్టోబరు నాటికి అనుమతి దాకా వచ్చాయి.

సంతకం

మన దేశంలో ఈ పరీక్షలన్నీ 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కింద జరుగుతాయి. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి, ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఆమోదం, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. ఆ రిజిస్ట్రీ ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి; సగం మంది ఆసుపత్రికి బయటివాళ్ళు కావాలి; ఒక స్త్రీ, ఒక సామాన్య వ్యక్తి, ఒక న్యాయ నిపుణుడు ఉండాలి.

ఈ కట్టుదిట్టాలు ఊరికే రాలేదు. 1999-2000లో తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంలో నోటి క్యాన్సర్ రోగులకు అమెరికా విశ్వవిద్యాలయంలో తయారైన రసాయనాన్ని సరైన అనుమతులు లేకుండా ఎక్కించారన్న ఆరోపణ వచ్చింది. ఆ విశ్వవిద్యాలయమే విచారించి తన శాస్త్రజ్ఞుణ్ణి తప్పుపట్టింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేసిన కార్యక్రమం తొలి దశ పరీక్ష కాదు. ఆ టీకా అప్పటికే అనుమతి పొందినది. అయినా హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు చేసిన తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. అమ్మానాన్నలకు తెలియకుండా వేయడం మంచిది కాదు.

నష్టపరిహారపు సూత్రం మాత్రం నాకు మింగుడుపడదు. పరీక్ష వల్ల చనిపోతే ఇచ్చే సొమ్మును ఎనిమిది లక్షల మూలధనం నుంచి, వయసును, ముప్పు గుణకాన్ని బట్టి లెక్కిస్తారు. ఆరోగ్యవంతుడైన వాలంటీరుకు ఆ గుణకం 4. ఆరు నెలలకు మించి బతకడనుకునే రోగికి 0.5. అంటే ఎనిమిదో వంతు. తొలి దశ క్యాన్సర్ పరీక్షలో చేరేవాళ్ళలో పలువురు ఈ చివరి గడిలోకే రావచ్చు. మిగిలిన ఆరు నెలలను తర్వాతి రోగుల కోసం ఇచ్చినవారికి ఇది తగిన లెక్క కాదు.

సమ్మతి పత్రం విషయంలో పెద్ద చిక్కు భాషే. 'కొత్త మందట కదా సార్, దీంతో తగ్గుతుందా?' అని కుటుంబం అడుగుతుంది. పరిశోధనను చికిత్స అని పొరబడే ఈ భ్రమను 1982లోనే మనోవైద్యులు పేరుపెట్టి వర్ణించారు. భ్రమ అన్నాం కాబట్టి తప్పు రోగిదని కాదు. చివరి ఆశతో వచ్చినవాడికి 'ఇది మీ కోసం కాదు, మోతాదు కోసం' అని చెప్పడానికి వైద్యుడికే నోరు రాదు. ఆ మాట నోటితో, రోగి ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పనంతవరకు పత్రం మీది సంతకానికి విలువ లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రాయచూరు

ఈ భాష చిక్కుకు రాయచూరు మంచి ఉదాహరణ. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. పట్టణంలో తెలుగు బాగా వినిపిస్తుంది. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులున్నాయి. ఆ ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది కన్నడం. తెలుగు లిపిలో అచ్చేసిన సమ్మతి పత్రం అక్కడి యువకుడికి చదవరాదు. కన్నడ పత్రం అతని తల్లికి చదవరాదు. చదవలేని వారికి పత్రాన్ని చదివి వినిపించి, పరీక్షతో సంబంధం లేని సాక్షి సంతకం తీసుకోవాలని నిబంధన చెబుతుంది. రాయచూరు వంటి చోట ఆ సాక్షి రెండు భాషలూ తెలిసినవాడై ఉండాలి. జిల్లా కేంద్రంలో రాయచూరు వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నా, క్లిష్టమైన క్యాన్సర్ రోగులు బెంగళూరు కిద్వాయి ఆసుపత్రికో, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, నిమ్స్‌కో వెళ్ళడం ఇక్కడ అలవాటు.

ఇదే ఊరు క్యాన్సర్ మందులకు ఒక కేంద్రమని చాలామందికి తెలియదు. 1987లో ఏర్పడిన శిల్పా మెడికేర్ కంపెనీ రాయచూరులో జెమ్‌సిటాబిన్ వంటి క్యాన్సర్ మందుల ముడి రసాయనాలు తయారుచేస్తుంది. ఇంజెక్షన్లు, మాత్రల కర్మాగారం జడ్చర్లలో ఉంది. రాయచూరు నుంచి మక్తల్, మహబూబ్‌నగర్ మీదుగా హైదరాబాద్ వెళ్ళే రోగి జడ్చర్ల దాటే వెళ్తాడు. ఈ కంపెనీ రూపొందించిన, సీసాలోంచి నేరుగా వాడుకునే పెమెట్రెక్సెడ్ ఇంజెక్షన్‌కు 2023లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

పెమెట్రెక్సెడ్ అమైనోప్టెరిన్ వంశంలోనిదే. ప్రిన్‌స్టన్‌లో ఎడ్వర్డ్ టేలర్ కనుగొంటే లిల్లీ కంపెనీ అభివృద్ధి చేసింది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమాకు 2004లో అనుమతి పొందింది. తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు విరివిగా వాడుకలోకి వచ్చింది. 1990లలో జరిగిన దాని తొలి దశ పరీక్షలు ఈ శాస్త్రానికి మంచి పాఠం. మూడు వారాలకు ఒకసారి ఇస్తే చదరపు మీటరుకు 600 మిల్లీగ్రాములు తట్టుకున్నారు. వారానికొకసారి ఇస్తే 30 మాత్రమే. వరుసగా ఐదు రోజులు ఇస్తే రోజుకు 4, అంటే ఐదు రోజులకూ కలిపి ఇరవై. మందు ఒకటే, రోగుల ఒళ్ళూ అలాంటివే. ఇచ్చే తీరు మారితే మొత్తం ముప్పై రెట్లు తేడా వచ్చింది. ఎంత అన్న ప్రశ్నకు ఎప్పుడెప్పుడు అన్నది కూడా జవాబులో సగమని దీనికంటే బాగా చూపిన పరీక్ష అరుదు.

అయినా తర్వాతి దశల్లో కొందరు రోగులు తెల్లకణాలు పడిపోయి, విరేచనాలతో చనిపోయారు. ఎవరికి అలా అవుతుందో ముందుగా తెలిసేది కాదు. రక్తపరీక్షలు తిరగేసి చూస్తే, మొదటినుంచీ హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవాళ్ళకే ముప్పు అని తేలింది. హోమోసిస్టీన్ పెరగడం ఒంట్లో ఫోలిక్ ఆమ్లం, బి12 తగ్గాయనడానికి గుర్తు. 1999 డిసెంబరు నుంచి పరీక్షల్లోని రోగులందరికీ ఆ రెండు విటమిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. తీవ్రమైన విషప్రభావాలు బాగా తగ్గాయి, మందు పని తగ్గలేదు. మూడు వారాలకోసారి చదరపు మీటరుకు 500 మిల్లీగ్రాములు స్థిరమైన మోతాదు అయింది.

ఈనాడు పెమెట్రెక్సెడ్ ఎక్కించుకోవలసిన రోగి మొదటి సెలైన్‌కు వారం ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాములకు తగ్గకుండా ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటాడు, ఒక బి12 ఇంజెక్షన్ చేయించుకుంటాడు. తర్వాత ఆ ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన మందు ఎక్కించుకుంటాడు. ఆ మాత్ర, దాని విరోధి, రెండూ సుబ్బారావు బృందం పనిచేసిన పెర్ల్ రివర్ బల్లమీద నుంచి వచ్చిన దారిలోవే.